టాంపాలో ఇల్లు కొంటున్నాం, రెండు ఇన్సూరెన్స్ క్వోట్లు వచ్చాయి – ఏది తీసుకోవాలి?

న్యూటాంపా_కొత్తకాపురం | 2025 మే 5

అందరికీ నమస్కారం. ఈమధ్యే కొలంబస్ నుంచి టాంపా మారాం. న్యూ టాంపాలో 2004లో కట్టిన ఇల్లు నచ్చి కాంట్రాక్ట్ చేశాం, జూన్ 12న క్లోజింగ్ (ఇల్లు మా పేరుకి మారే రోజు). కాంక్రీట్ బ్లాక్ గోడలు, షింగిల్ రూఫ్, వెనకాల స్క్రీన్ కేజ్‌తో పూల్. ఫ్లడ్ జోన్ ఎక్స్, అంటే వరద ముప్పు తక్కువని మ్యాపుల్లో గుర్తించిన ప్రాంతం. రూఫ్ 2011లో మార్పించామని అమ్మేవాళ్లు చెబుతున్నారు.

ఒహాయోలో ఇంటి ఇన్సూరెన్స్ గురించి పెద్దగా ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. ఇక్కడ ఆ ప్రీమియం చూశాకే ఇల్లు కొనగలమో లేదో తేలేలా ఉంది. ఒకటి ఏడాదికి 2,900 డాలర్లు, హరికేన్ డిడక్టిబుల్ (హరికేన్ నష్టంలో ముందు మేమే భరించాల్సిన మొత్తం, ఇంటి కవరేజీలో శాతంగా) 5%. రెండోది 4,300 డాలర్లు, డిడక్టిబుల్ 2%. రెండింట్లోనూ ఇంటి కవరేజీ 4,80,000 డాలర్లే. మావారు మొదటిదే చాలంటున్నారు. జోన్ ఎక్స్ కాబట్టి ఫ్లడ్ ఇన్సూరెన్స్ అక్కర్లేదని లోన్ ఆఫీసర్ అన్నారు. ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.

కరీంనగర్_టు_లూట్జ్ | మే 5

చెల్లె, నేను లూట్జ్‌ల పదేండ్ల నుంచి ఉంటున్న. నాది 5 శాతమే. 4,80,000కు 5% అంటే 24,000, 2% అంటే 9,600. తేడా 14,400. ప్రీమియంల తేడా ఏడాదికి 1,400. పదేండ్లు పెద్ద తుఫాను మీ ఇంటి మీదికి రాకపోతే ఆ పైసలు మీ దగ్గర్నే ఉంటయి కద. నేను ఆ 24,000 వేరే అకౌంట్ల పెట్టి ముట్టకుండ ఉంచిన. కంపెనీకి కట్టేకంటె నా దగ్గర ఉండుడే మంచిదని నా లెక్క. గట్ల పక్కకు పెట్టే స్తోమత ఉంటెనే 5% తీస్కోండ్రి. డౌన్‌పేమెంట్‌కే అంత ఊడ్చి ఇచ్చినోళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు.

లేక్‌నోనా_ఏజెంట్ | మే 5

నేను ఆర్లాండోలో ఇళ్లు, కార్ల ఇన్సూరెన్స్ అమ్మే 2-20 లైసెన్స్ ఉన్న ఏజెంట్‌ని. ఇక్కడ వ్యాపారం చేసుకోవడానికి రాలేదు, తెలిసింది చెబుతాను.

అమ్మా, ప్రీమియం, డిడక్టిబుల్ పక్కపక్కన పెట్టి చూస్తే సరిపోదు. రెండు క్వోట్లలోనూ రెండో పేజీ తీసి నాలుగు చూడండి. రూఫ్‌కి రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఇస్తున్నారా, అంటే కొత్తది వేయించే పూర్తి ధర, లేక యాక్చువల్ క్యాష్ వాల్యూ, అంటే పాతబడినంత మేర తగ్గించిన విలువ ఇస్తున్నారా? స్క్రీన్ కేజ్‌కి హరికేన్ కవరేజీ ఉందా? పైపు పగిలి వచ్చే నీటి నష్టానికి పరిమితి పెట్టారా? ఆర్డినెన్స్ ఆర్ లా, అంటే కొత్త బిల్డింగ్ కోడ్ ప్రకారం మళ్లీ కట్టడానికి అయ్యే అదనపు ఖర్చు, ఎంత శాతం? ప్రీమియంలో 1,400 తేడా ఒక్క డిడక్టిబుల్ వల్లే రాదు. లోపల ఇంకేదో తగ్గించి ఉంటారు.

ఒక మంచి సంగతి కూడా ఉంది. ఫ్లోరిడాలో హరికేన్ డిడక్టిబుల్ తుఫాను తుఫానుకీ కాదు, ఒకే కంపెనీ దగ్గర ఉన్నంతకాలం క్యాలెండర్ ఏడాదికి ఒక్కసారే. 2024లో సెప్టెంబర్ 26న హెలీన్, అక్టోబర్ 9న మిల్టన్ వచ్చాయి కదా, హెలీన్‌కే డిడక్టిబుల్ పూర్తిగా అయిపోయినవాళ్లకి మిల్టన్ క్లెయిమ్‌లో మళ్లీ మొత్తం మోయాల్సిన పని లేకపోయింది. అందుకే మొదటి తుఫానులో నష్టం డిడక్టిబుల్ కంటే తక్కువైనా రసీదులు దాచుకోండి, కంపెనీకి తెలియజేయండి.

హరికేన్ డిడక్టిబుల్ ఎప్పుడు వర్తిస్తుందో కూడా చట్టంలో ఉంది. నేషనల్ హరికేన్ సెంటర్ ఫ్లోరిడాలో ఏ మూలకైనా హరికేన్ వాచ్ గానీ వార్నింగ్ గానీ ఇచ్చిన దగ్గర్నుంచి, చివరిది ఎత్తేశాక 72 గంటల వరకు. మామూలు ఉరుముల గాలివానకి చెట్టుకొమ్మ విరిగి రూఫ్ మీద పడితే మామూలు డిడక్టిబులే.

న్యూటాంపా_కొత్తకాపురం | మే 6

ఏజెంట్ గారూ, చాలా థాంక్స్. రాత్రి కూర్చుని రెండూ చదివాం. మొదటి దాంట్లో రూఫ్‌కి యాక్చువల్ క్యాష్ వాల్యూ అని ఉంది. స్క్రీన్ కేజ్ లేదు. నీటి నష్టానికి 10,000 పరిమితి. రెండో దాంట్లో రూఫ్‌కి రీప్లేస్‌మెంట్ కాస్ట్, కేజ్‌కి 15,000 ఉంది.

రూఫ్‌మీద_రాజమండ్రి | మే 6

నేను ఇళ్ల ఇన్‌స్పెక్షన్లు చేస్తుంటానండీ, హిల్స్‌బరో, పాస్కో కౌంటీల్లో. మీ రూఫ్ లెక్క వేసి చూపిస్తాను. కొత్త రూఫ్‌కి 30,000 అనుకుందాం. పద్నాలుగేళ్ల షింగిల్, ఆయుష్షు ఇరవై ఏళ్లని కంపెనీ కడితే మిగిలిన విలువ 30%, అంటే 9,000. మీ డిడక్టిబుల్ 24,000. రూఫ్ ఒక్కటే ఎగిరిపోయిన హరికేన్‌లో మీ చేతికి వచ్చేది సున్నా. అదే రెండో పాలసీలో 30,000లో 9,600 తీసేసి 20,400 వస్తుంది. కరీంనగర్ అన్న లెక్క తప్పని కాదండీ, రూఫ్‌కి పూర్తి ధర ఇచ్చే పాలసీకి ఆ లెక్క సరిపోతుంది. ఈ మొదటి క్వోట్‌కి సరిపోదు.

ఇక రెండో దాని ప్రీమియం తగ్గించే సంగతి. మీరు విండ్ మిటిగేషన్ రిపోర్ట్, అంటే ఇల్లు గాలికి ఎంత తట్టుకుంటుందో చూసి ఇచ్చే రిపోర్ట్, చేయించారా? రెండు క్వోట్లూ అది లేకుండానే వేసి ఉంటారని నా అనుమానం. ఓఐఆర్-బీ1-1802 అనే ఫారం అది. రాష్ట్రమంతా అదే ఫారం, అయిదేళ్లు చెల్లుతుంది. ఖర్చు వంద డాలర్లకి కాస్త అటూ ఇటూ. దాని మీద ఎంత తగ్గింపు ఇవ్వాలో ప్రతి కంపెనీ రాష్ట్రానికి రేట్లు దాఖలు చేసి ఉంటుంది కాబట్టి ఏజెంట్ దయమీద ఆధారపడే పనిలేదు.

మీ ఇంటికి ఏమేం కలిసొస్తాయో చెబుతాను. 2002 మార్చి 1 తర్వాత పర్మిట్‌కి దరఖాస్తు పెట్టిన ఇల్లయితే ఫ్లోరిడా బిల్డింగ్ కోడ్ కింద కట్టినట్టు లెక్క. 2004 ఇల్లంటే మీది అందులోకి వస్తుంది. రూఫ్ హిప్ అయితే, అంటే నాలుగు వైపులా వాలు ఉంటే, మంచి తగ్గింపు. కానీ చుట్టుకొలతలో 10% కంటే ఎక్కువ గేబుల్ (త్రికోణపు గోడతో ముగిసే కప్పు) ఉంటే హిప్ అనిపించుకోదు. గరాజ్ మీద త్రికోణంగా ముందుకొచ్చిన అందం వల్లే చాలా ఇళ్లకి ఇది పోతుంది.

అన్నిటికంటే జనం పట్టించుకోనిది కప్పుని మోసే చెక్క చట్రానికి, అంటే ట్రస్‌కీ గోడకీ మధ్య ఉండే ఇనప పట్టీ. అది క్లిప్ అనిపించుకోవాలంటే ట్రస్‌లోకి కనీసం 3 మేకులుండాలి. పాత ఇళ్లలో పట్టీ ఉండి, రెండే మేకులు కొట్టి వదిలేసినవి నేను చూస్తూనే ఉంటాను. అప్పుడు ఫారంలో పట్టీ లేనట్టే, టో నెయిల్ (వాలుగా కొట్టిన మేకులు మాత్రమే) అనే రాయాలి. అటక ఎక్కి ప్రతి పట్టీకీ ఒక మేకు కొట్టిస్తే మళ్లీ క్లిప్ కింద రాయొచ్చు. అది ప్రీమియం కోసమే అనుకోకండి, గాలికి కప్పు లేచిపోకుండా పట్టుకునేది ఆ మేకులే.

షట్టర్ల మీద ఆశ పెట్టుకోవద్దండీ. అద్దం ఉన్న ప్రతి కిటికీకీ, తలుపుకీ ఆమోదం ఉన్న రక్షణ ఉంటేనే పూర్తి తగ్గింపు. ఇంటినిండా ఉండి బాత్రూమ్ కిటికీకి ఒక్కదానికి లేకపోయినా పోయినట్టే.

అదే రోజు ఫోర్ పాయింట్ కూడా చేయించేయండి – రూఫ్, కరెంటు, ప్లంబింగ్, ఏసీ. ఇరవై ఏళ్లు దాటిన ఇంటికి కొన్ని కంపెనీలు అడుగుతాయి. ఇంకోటి, రూఫ్ 2011 అని అమ్మేవాళ్ల నోటిమాట నమ్మొద్దు. సిటీ పర్మిట్ రికార్డుల్లో ఇంటి అడ్రస్ కొట్టి చూడండి. ఇన్సూరెన్స్ కంపెనీ చూసే తేదీ అదే.

న్యూటాంపా_కొత్తకాపురం | మే 6

రాజమండ్రి గారూ, వచ్చే ఏడాది రూఫ్‌కి పదిహేనేళ్లు నిండుతాయి కదా. అప్పుడు పాలసీ తీసేస్తారా?

రూఫ్‌మీద_రాజమండ్రి | మే 6

2022 మేలో చట్టం మారిందండీ. పదిహేనేళ్ల లోపు రూఫ్ అయితే, వయసొక్కటే కారణం చూపి పాలసీ ఇవ్వనని గానీ రెన్యూ చేయనని గానీ అనకూడదు. పదిహేను దాటితే మీకు ఇన్‌స్పెక్షన్ చేయించుకునే అవకాశం ఇవ్వాలి. ఇంకా అయిదేళ్లు బతుకుతుందని రిపోర్ట్ వస్తే వయసు పేరుతో తిరస్కరించకూడదు. షింగిల్ మీద గరుకు రాలిపోయి కాలువల్లో చేరుతుంటే, అంచులు లేస్తుంటే మాత్రం అయిదేళ్లని ఎవరూ రాయలేరు. కొనకముందే చూపించుకోండి, అవసరమైతే అమ్మేవాళ్ల దగ్గర రూఫ్ కోసం క్రెడిట్, అంటే ధరలో తగ్గింపు, అడగండి. ఫ్లోరిడాలో అది మామూలే.

ఫారెస్ట్‌హిల్స్_వాసి | మే 6

రూఫ్ గురించి అందరూ చెప్పారు. నేను నీళ్ల గురించి చెప్పాలి, ఎందుకంటే మీ లోన్ ఆఫీసర్ మాట చదివి నాకు గుండె ఆగినంత పనైంది.

మిల్టన్ రోజు మా వైపు సముద్రం రాలేదు. వాన వచ్చింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా కురిసింది. మా వీధిలో చెరువు నిండి, కాలువ పొంగి, అర్ధరాత్రికి మోకాళ్ల లోతు. మాకు ఫ్లడ్ పాలసీ ఉంది. మా పక్కింటి పెద్దాయనకి లేదు, జోన్ ఎక్స్ కాబట్టి బ్యాంక్ అడగలేదట. ఆయనకి ఖరీదైన హోమ్ ఇన్సూరెన్సే ఉంది, అయినా ఒక్క డాలర్ రాలేదు. గాలికి కప్పు చిరిగి పైనుంచి వాన పడితే హోమ్ పాలసీ, నేల మీద నుంచి నీళ్లు లోపలికొస్తే ఫ్లడ్ పాలసీ. ఈ గీత దగ్గర కంపెనీలు ఒక్క అంగుళం కూడా జరగవు. ఆ ఇంట్లో గోడలు నాలుగడుగుల ఎత్తున కోసి, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టుకుంటుంటే వాళ్లావిడ మా ఇంట్లో కూర్చుని ఏడ్చింది. ఎవరికీ ఆ పరిస్థితి రాకూడదు.

బ్యాంక్ అడగలేదంటే ప్రమాదం లేదని కాదు, వాళ్ల రూలు అంతవరకే అని. దయచేసి తీసుకోండి.

హ్యూస్టన్_శ్రీకాకుళం | మే 6

ఫారెస్ట్‌హిల్స్ గారి మాటకి నా ఓటు కూడా. 2017 ఆగస్టులో హార్వీ అప్పుడు ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల వల్ల కేటీ వైపు, వెస్ట్ హ్యూస్టన్‌లో ఎన్ని తెలుగిళ్లు మునిగాయో ఇక్కడివాళ్లకి తెలుసు. అందులో చాలా ఇళ్లు ఫ్లడ్ జోన్‌లో లేనివే. మాకు టెక్సస్‌లో తీరం పక్కన 14 కౌంటీలకి గాలి ఇన్సూరెన్స్ కోసం టీడబ్ల్యూఐఏ అని వేరే సంస్థ ఉంది. కేటీ, షుగర్‌ల్యాండ్ దాని కిందికి రావు. మా బాధంతా వడగళ్లు, వరద.

లేక్‌నోనా_ఏజెంట్ | మే 7

ఫ్లడ్ గురించి నేను కూడా చెప్పాలి. ఫెడరల్ ప్రభుత్వ ఎన్ఎఫ్ఐపీ పాలసీలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000, సామానుకి 1,00,000. ఇంటి బయట ఉండాల్సి వస్తే హోటల్ ఖర్చు ఇవ్వరు. మామూలుగా కొన్న రోజు నుంచి 30 రోజుల తర్వాతే మొదలవుతుంది, కాబట్టి టీవీలో తుఫాను కనబడ్డాక కొనడం కుదరదు. లోన్ క్లోజింగ్‌తో కలిపి తీసుకుంటే ఆ 30 రోజులు ఉండవు. అమ్మా, మీకు ఇదే మంచి సమయం. ప్రైవేట్ ఫ్లడ్ కంపెనీల ధర కూడా అడగండి, 2,50,000 దాటి ఇచ్చేవి, హోటల్ ఖర్చు కలిపి ఇచ్చేవి ఉన్నాయి.

ఇంకో తొందర ఉంది. మీ క్లోజింగ్ జూన్ 12. సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. గల్ఫ్‌లో తుఫాను లేచి మన వైపు వాచ్ వస్తే కంపెనీలన్నీ కొత్త పాలసీలు రాయడం ఆపేస్తాయి. పాలసీ లేనిదే బ్యాంక్ డబ్బు విడుదల చేయదు, మీ సామాను ట్రక్‌లో ఉండిపోతుంది. మే నెలలోనే బైండ్ చేసి, అంటే పాలసీ ఖాయం చేసుకుని, మొదలయ్యే తేదీ జూన్ 12 అని పెట్టించండి.

వైజాగ్_ఎంవీపీ | మే 7

నేను అమెరికాలో లేను, చదువుతున్నాను అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాణ్ని కాబట్టి ఆసక్తి. మా వీధిలో కిటికీ అద్దాలు, వాటర్ ట్యాంకులు, రేకులు ఏవీ మిగల్లేదు. ఇన్సూరెన్స్ ఉన్న ఇల్లు నాకు తెలిసి ఒక్కటీ లేదు. అక్కడ అమ్మానాన్నల ఇళ్లు తీరం వెంట ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు కదా, 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అని అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే నిబంధనలతో ఇస్తున్నాయి. తుఫాను, వరద అందులో కలిసే ఉంటాయి, అమెరికాలోలా విడిగా కొనక్కర్లేదు. ఇంట్లో సామానుకి కూడా భవనం మొత్తంలో 20%, గరిష్ఠంగా 10 లక్షల వరకు దానంతట అదే వస్తుంది. మీ ప్రీమియంలతో పోలిస్తే చాలా తక్కువ. మీ వాళ్లకి ఒకటి తీసివ్వండి.

కరీంనగర్_టు_లూట్జ్ | మే 7

మంచి మాట చెప్పినవ్ అన్నా.

ఏజెంట్ అక్కా, నాదొక ప్రశ్న. మా దోస్త్‌లు సిటిజెన్స్‌లకు పోతే అగ్గువ అంటరు. ఈ చెల్లెకు అది ఎందుకు చెప్తలేరు?

లేక్‌నోనా_ఏజెంట్ | మే 7

చెప్పకపోవడానికి కారణం ఉంది తమ్ముడూ. సిటిజెన్స్ అంటే 2002లో రాష్ట్రం పెట్టిన ఇన్సూరెన్స్ సంస్థ, బయట ఎవరూ ఇవ్వనివాళ్లకి ఆఖరి దిక్కుగా. 2023లో 14 లక్షల పాలసీల దాకా వెళ్లి, ఇప్పుడు ప్రైవేట్ కంపెనీలకి అప్పగిస్తూ తగ్గించుకుంటోంది. 2022 డిసెంబర్ చట్టం ప్రకారం, ప్రైవేట్ కంపెనీ ధర సిటిజెన్స్ ధర కంటే 20% లోపు ఎక్కువైతే ప్రైవేట్‌కే వెళ్లాలి. ఇప్పటికే సిటిజెన్స్‌లో ఉన్నా అలాంటి ఆఫర్ వస్తే రెన్యూవల్‌కి అర్హత పోతుంది. టేకవుట్ ఉత్తరం, అంటే మీ పాలసీని ప్రైవేట్ కంపెనీ తీసుకుంటానని చెప్పే ఉత్తరం, వస్తే చెత్త కాగితమని పారేయకుండా గడువులోపు జవాబివ్వాలి.

ఫ్లడ్ షరతు కూడా ఉంది. సిటిజెన్స్‌లో గాలి కవరేజీ ఉన్న ఇంటి విలువ 2025లో 5,00,000 లేదా అంతకు మించి ఉంటే ఫ్లడ్ పాలసీ తప్పనిసరి, 2026 జనవరి నుంచి 4,00,000కి, 2027 నుంచి విలువతో పనిలేకుండా. ఈవిడ ఇల్లు 4,80,000 కాబట్టి ఈ జూన్‌లో తప్పించుకున్నా వచ్చే జూన్‌లో ఆ షరతు పడుతుంది. పెద్ద తుఫానులో సిటిజెన్స్‌కి డబ్బు చాలకపోతే పాలసీదారుల మీద ప్రీమియంలో 15% వరకు అదనంగా వేయొచ్చు. వేరే దారి లేనివాళ్లకి అది నిజంగా అండ, నేనే చాలామందికి రాశాను. 4,300కి మంచి ప్రైవేట్ క్వోట్ చేతిలో ఉన్నప్పుడు ముందు దాన్ని తగ్గించుకోవడం మేలు.

వెస్లీచాపెల్_నెల్లూరు | మే 7

ప్రైవేట్ కంపెనీ మూతపడితే? మాకు ఒకసారి అయింది. కంపెనీ పేరు చెప్పను, రెన్యూవల్ కట్టిన కొద్ది వారాలకే కోర్టు దాన్ని మూసేసింది. పాలసీ రద్దుకి ముందు వేరేది వెతుక్కోవడానికి పరుగో పరుగు. మిగిలిన ప్రీమియం తిరిగి రావడానికి చాలాకాలం పట్టింది.

లేక్‌నోనా_ఏజెంట్ | మే 7

నెల్లూరు గారూ, మీరు పడ్డ కష్టం 2022, 2023ల్లో చాలామంది పడ్డారు. రాష్ట్రం లైసెన్స్ ఇచ్చిన కంపెనీ మూతపడితే ఫిగా అనే గ్యారంటీ సంస్థ క్లెయిములు కడుతుంది. ఇంటికి మామూలుగా 3,00,000, భవనం, సామానుకి ఇంకో 2,00,000 వరకు. సర్‌ప్లస్ లైన్స్ కంపెనీలకి ఈ గ్యారంటీ లేదు, వాటి ధరల మీద రాష్ట్ర నియంత్రణా లేదు. కాబట్టి క్వోట్ చూడగానే ఇది అడ్మిటెడ్, అంటే రాష్ట్రం లైసెన్స్ ఇచ్చిన, కంపెనీయేనా అని అడగండి. తర్వాత డెమోటెక్ రేటింగ్ (కంపెనీ ఆర్థిక బలానికి ఇచ్చే మార్కు) ఎంతో, రీఇన్సూరెన్స్ (ఆ కంపెనీ తన కోసం తీసుకునే ఇన్సూరెన్స్) ఎవరి దగ్గరో అడగండి. ఇవి అడిగితే విసుక్కునే ఏజెంట్ దగ్గర కొనొద్దు.

న్యూటాంపా_కొత్తకాపురం | మే 17

అప్‌డేట్ ఇస్తున్నాను. విండ్ మిటిగేషన్, ఫోర్ పాయింట్ అయ్యాయి. పర్మిట్ రికార్డులో రూఫ్ 2012 అని ఉంది, మాకే మంచిదైంది. పట్టీలకి 3 మేకులు ఉన్నాయట, క్లిప్ అని రాశారు. హిప్ రాలేదు, గరాజ్ మీది గేబుల్ వల్లే. రూఫ్‌కి ఇంకా అయిదేళ్లు ఉంటుందని ఇన్‌స్పెక్టర్ రాసిచ్చారు.

రెండో కంపెనీకి అవి పంపితే 4,300 కాస్తా 3,480కి దిగింది. సామాను కవరేజీ 50% నుంచి 25%కి, మామూలు డిడక్టిబుల్ 1,000 నుంచి 2,500కి మార్చాం, అక్కడ ఇంకొంచెం తగ్గి 3,210. రూఫ్‌కి పూర్తి ధర, కేజ్, హరికేన్ 2% అలాగే ఉంచాం. మావారు కూడా ఒప్పుకున్నారు. ఫ్లడ్ తీసుకుంటున్నాం.

రెండు చిన్న ప్రశ్నలు. సింక్‌హోల్ కవరేజీ కావాలా అని అడుగుతున్నారు. ఇంకోటి, అమ్మేవాళ్లకి ఎన్ఎఫ్ఐపీ పాలసీ ఉందట, అది మాకేమైనా పనికొస్తుందా?

రూఫ్‌మీద_రాజమండ్రి | మే 17

చాలా సంతోషమండీ. కరీంనగర్ అన్న చెప్పిన 2% మొత్తం, 9,600, నెమ్మదిగా పక్కన పెట్టుకోండి.

సింక్‌హోల్ సంగతి: హెర్నాండో, పాస్కో, హిల్స్‌బరో ఈ మూడూ దానికి పేరుమోసిన కౌంటీలు. పాలసీలో ఎలాగూ ఉండేది నేల హఠాత్తుగా కుంగి, గుంట కనబడి, ఇల్లు దెబ్బతిని, ఉండటానికి వీల్లేదని ప్రభుత్వం ఖాళీ చేయించినప్పుడు మాత్రమే ఇస్తుంది. గోడలు మెల్లగా బీటలు వారితే ఇవ్వదు. ఆ రెండోదానికే ఈ విడి కవరేజీ. ధర అడిగి, ఆ వీధిలో పాత సింక్‌హోల్ క్లెయిములు ఏమైనా ఉన్నాయేమో చూసి నిర్ణయించుకోండి. మీకున్న బడ్జెట్‌లో ఇది మూడోది, ఫ్లడ్ తర్వాతే.

లేక్‌నోనా_ఏజెంట్ | మే 18

అమ్మేవాళ్ల ఎన్ఎఫ్ఐపీ పాలసీ తప్పకుండా అడగండి అమ్మా. దాన్ని మీ పేరుకి బదిలీ చేయించుకోవచ్చు. 2021 తర్వాత ధరలు లెక్కగట్టే పద్ధతి మారింది. కొత్తగా కొనేవాళ్లకి పూర్తి ధర మొదటి రోజే పడుతుంది. పాత పాలసీదారులకి మాత్రం సొంతంగా ఉండే ఇంటికి ఏడాదికి 18% మించకుండా మెల్లగా పెరుగుతూ వస్తోంది. బదిలీ చేయించుకుంటే ఆ మెల్లగా పెరిగే దారి మీకూ వస్తుంది. వాళ్ల డిక్లరేషన్ పేజీ (పాలసీ వివరాలు, ధర ఉండే మొదటి పేజీ) తెప్పించి, కొత్త పాలసీ ధరతో పోల్చండి. బదిలీయే చవకైతే ఫారం మీద వాళ్ల సంతకం క్లోజింగ్ టేబుల్ దగ్గరే తీసుకోవాలి, ఇల్లు ఖాళీ చేసి వెళ్లాక వాళ్లని పట్టుకోవడం కష్టం. క్లోజింగ్ జరిపించే టైటిల్ కంపెనీకి ఈ వారమే మెయిల్ పెట్టండి.